పాత బేస్ గిటారు: కట్టుబడి, రంగు, నేను చేసిన ఒక పొరపాటు

ఈ సంవత్సరం సావనీరుకి "మీకు బాగా తెలిసిన విషయం ఏదైనా రాసివ్వండి సార్" అని విద్యార్థి సంఘం పిల్లలు మా ఇంటికొచ్చి అడిగారు. నాకు బాగా తెలిసిన విషయాలు రెండే. ఒకటి ఫిజిక్సు. దాన్ని ముప్ఫయ్యేళ్ళు పాఠంగా చెప్పి చెప్పి విద్యార్థులకీ నాకూ కూడా మొహం మొత్తింది. రెండోది పాత బేస్ గిటార్లు. ఇదేమిటి, వీణ గురించో వేణువు గురించో రాయక ఈ విదేశీ వాయిద్యం గోల ఎందుకు అని పాఠకులు అడగవచ్చు. కారణం ఉంది.

వచ్చిన పిల్లలు మాటల మధ్యలో ఒక సంగతి సంబరంగా చెప్పారు. రాబోయే వార్షికోత్సవానికి మ్యూజిక్ రూములో మూలపడి ఉన్న వాయిద్యాలన్నిటికీ, అంటే ఒక వీణ, రెండు గిటార్లు, ఒక హార్మోనియం, శుభ్రంగా గీకించి కొత్త రంగులు వేయిస్తున్నారట. ఆ మాట వినగానే నా గుండె గుభేలుమంది. ఎందుకంటే 1983లో, ఇదే కాలేజీలో బి.ఎస్సీ. చదువుతూ, ఇదే సంబరంతో, సరిగ్గా ఇదే పని నేనూ చేశాను. ఆ కథ చివర్లో చెబుతాను. ముందు పాఠం. పాఠం తెలిస్తేనే గాని నేను చేసింది ఎంత తప్పో అర్థం కాదు.

1. బేస్ గిటారు పుట్టుక

పాటలో మనకి ముందు వినిపించేది గొంతు. తరువాత వయొలిన్లు, డోలకు. అన్నిటికీ అడుగున, ఇంటికి పునాదిలాగా, ఒక లోతైన నాదం నడుస్తూ ఉంటుంది. అది ఆగిపోతే తప్ప అది ఉందని మనం గమనించం. అదే బేస్. పూర్వం దీన్ని నిలువెత్తు డబుల్ బేస్ మీద వాయించేవారు. అది మనిషంత పొడుగు. రైల్లో పట్టదు, బస్సులో పట్టదు. దానికి మెట్లు లేవు కాబట్టి స్వరం ఎక్కడ పలుకుతుందో చెవితో వెతుక్కోవాలి. పైగా డ్రమ్ముల మోతలో వినపడదు.

1930ల మధ్యలో అమెరికాలోని సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ అనే ఆయన మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ ఒకటి చేసి ఆడియోవాక్స్ పేరుతో అమ్మాడు. జనం పట్టించుకోలేదు. ఆ తరువాత 1951లో కాలిఫోర్నియా రాష్ట్రం ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ అనే ఆయన "ప్రెసిషన్ బేస్" తెచ్చాడు. ఈ ఫెండర్ అసలు రేడియోలు బాగుచేసే షాపు నడిపిన మనిషి. ఆయనకి గిటారు వాయించడం రాదు! అయినా ఆయన చేసిన పద్ధతే ప్రపంచమంతా నిలబడింది. మెట్లుంటాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు పెట్టాడు.

ఇక్కడ కొంచెం లెక్క. ఈ బేసులో మోగే తీగ పొడవు 34 అంగుళాలు. డబుల్ బేసులో సుమారు 42. నాలుగు తీగల్లో లావుపాటిది సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. తీగ పొడవు సగమైతే కంపనాలు రెట్టింపవుతాయి, కనుక 12వ మెట్టు సరిగ్గా 17 అంగుళాల దగ్గర పడుతుంది. మిగతా మెట్లు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే మిగిలిన పొడవుని ప్రతిసారీ 17.817తో భాగించుకుంటూ పోవాలి. మొదటి మెట్టు 1.9 అంగుళాల దగ్గర వస్తుంది. కాగితం మీద మీరే వేసి చూసుకోండి.

2. చెక్క, దండి, మరలు

మన బొబ్బిలి వీణ చూసినవాళ్ళకి ఒక విషయం తెలిసే ఉంటుంది. మంచి వీణని ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. కుండ, దండి అన్నీ ఒకే చెక్క. ఏకాండి వీణ అంటే అదే. అతుకు లేకపోవడమే దాని గొప్ప.

ఫెండర్ సరిగ్గా దీనికి ఎదురు దారిలో వెళ్ళాడు. ఆయన దృష్టిలో వాయిద్యం కూడా రేడియో లాంటిదే. పాడైన భాగం విప్పి కొత్తది బిగించుకోవాలి. అందుకని పలకలాంటి ఒంటిని వేరుగా, దండిని వేరుగా చేయించి, రెండింటినీ వెనకనుంచి నాలుగు మరలతో బిగించాడు. జిగురు లేదు. దండి కొంచెం వాలుగా కూర్చుంటే కింద చిన్న అట్టముక్క పెట్టి సర్దేవారు. పాత వాయిద్యాలు విప్పితే ఆ అట్టముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి.

మొదట్లో ఒంటికి వాడిన చెక్క ఆష్. ఇది మన టేకులాగా పెద్ద రంధ్రాలున్న చెక్క. రంగు వేసేముందు ఆ రంధ్రాలన్నీ లప్పం పెట్టి పూడ్చాలి. అది సమయం తినే పని. 1956 ప్రాంతంలో ఎక్కువ భాగం ఆల్డర్ అనే చెక్కకి మారారు. దాని రంధ్రాలు సన్నం, లప్పం ఖర్చు తగ్గుతుంది. నాదం కోసం మార్చారని చాలామంది అనుకుంటారు గాని, అసలు కారణం పని సులువు.

మొదటి బేసుల ఒళ్ళు పీటచెక్కలా అంచులు మొండిగా ఉండేది. చేతికీ పక్కటెముకలకీ ఒత్తుకునేది. 1954లో అంచులు చెక్కి నున్నగా చేశారు. 1957లో పికప్ మారింది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టిన పరికరం. ఉక్కు తీగ దాని ముందు ఊగితే రాగి తీగలో విద్యుత్తు పుడుతుంది. ఇంటర్మీడియట్‌లో చదువుకున్న ఫారడే సూత్రమే. అయితే ఆ చుట్ట ఇంట్లో కరెంటు తీగల గుంయ్‌మనే మోతని కూడా పట్టుకుంటుంది. 1957లో దాన్ని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కలో అయస్కాంతాన్నీ చుట్టే దిశనీ తిరగేశారు. తీగల ధ్వని రెండు ముక్కల్లోనూ కలుస్తుంది, కరెంటు మోత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఎంత చక్కటి ఆలోచన!

నాలుగు తీగలూ కలిసి దండిని సుమారు 70, 80 కిలోల బలంతో లాగుతుంటాయి. చెక్క ఒక్కటే అయితే విల్లులా వంగిపోతుంది. అందుకని లోపల ఒక ఉక్కు కడ్డీ పెడతారు. ఒంటిముక్క మేపుల్ దండిలో ఈ కడ్డీ కోసం వెనకనుంచి గాడి తవ్వి, నల్లటి వాల్‌నట్ చెక్క చీలికతో మూసేవారు. దండి వెనక నామంలా కనిపించే గీత అదే. 1959లో దండి మీద రోజ్‌వుడ్ పలక అతికించడం మొదలుపెట్టాక కడ్డీని ముందునుంచే పెట్టగలిగారు, నామం పోయింది. ఆ రోజ్‌వుడ్ పలక మొదట మందంగా, అడుగు చదునుగా ఉండేది. 1962లో దాన్ని పలచన చేసి వంపుగా అతికించారు. పాత ఫెండరు చేతికొస్తే తెలిసినవాళ్ళు ముందు దండి చివర ఆ వంపు ఉందా లేదా అని చూస్తారు.

ఒక లోపం కూడా చెప్పాలి. ఈ బేసుల్లో చాలావాటికి పలచటి జి తీగ మీద అయిదు, ఆరు, ఏడు మెట్ల దగ్గర నాదం చప్పున చచ్చిపోతుంది. అక్కడ తీగ కంపనసంఖ్య దండి సహజ కంపనసంఖ్యకి దగ్గరపడి, తీగ శక్తిని దండి తాగేస్తుంది. అనునాదం అనే పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మా క్లాసులో ఏటేటా ఇదే చూపించేవాణ్ణి.

3. తక్కిన కంపెనీల చిత్రాలు

గిబ్సన్ కంపెనీ 1953లో తెచ్చిన బేస్ వయొలిన్ ఆకారంలో ఉంటుంది. మహాగని చెక్క. డబుల్ బేస్ వాయించేవాళ్ళని ఆకట్టుకోవాలని నేలమీద నిలబెట్టుకోవడానికి కింద ఒక కడ్డీ కూడా ఇచ్చారు. దండి జిగురుతో అతికిస్తారు, విప్పడం కుదరదు. 1963లో వచ్చిన వాళ్ళ థండర్‌బర్డ్‌కి ఆకారం గీసినవాడు రేమండ్ డీట్రిక్, కార్ల డిజైనరు. దండి చెక్క ఒంటి చివరిదాకా నడుస్తుంది. చూడ్డానికి ఎంతో అందం. కాని బిరడాలుండే తల వెనక్కి వాలి ఉండడం వల్ల అక్కడ చెక్క నార అడ్డంగా తెగుతుంది. ఒకసారి వెల్లకిలా పడిందా, తల విరిగిందే!

రికెన్‌బాకర్ 1957లోనే దండిని ఒంటిగుండా నడిపింది. రోజర్ రోస్మైజల్ అనే జర్మన్ పనివాడి డిజైను. వాళ్ళ 4001 రకంలో ఒకటికి రెండు ఉక్కు కడ్డీలుంటాయి. అవి మామూలు కడ్డీల్లాంటివి కావు. ముందు దండిని చేత్తో వంచి పట్టుకుని, ఆ తరువాతే మర బిగించాలి. తెలియనివాడు నేరుగా బిగిస్తే మెట్ల పలక పైకి లేచిపోతుంది.

జర్మనీ హాఫ్నర్ వారి 500/1 లోపల బోలు. పైన స్ప్రూస్, వెనకా పక్కలా మేపుల్. చేతిలో పట్టుకుంటే ఇది బేసేనా అన్నంత తేలిక. 1961లో హాంబర్గులో పాల్ మెక్‌కార్ట్నీ కొన్నది ఇదే. ఆయన ఎడమచేతివాటం మనిషి. రెండువైపులా ఒకేలా ఉండే వయొలిన్ ఆకారం కాబట్టి తిరగేసి పట్టుకున్నా ఎబ్బెట్టుగా ఉండదని కొన్నాడు. 1972లో దొంగతనానికి గురైన ఆ బేస్ మళ్ళీ దొరికిందన్న వార్త 2024 ఫిబ్రవరిలో వచ్చింది. యాభై ఏళ్ళ తరువాత కూడా అది అదే అని తేల్చగలిగారంటే, ఒంటిమీద గుర్తులు మిగిలి ఉండబట్టే కదా!

అన్నిటికంటే నాకు ముచ్చటేసేది డానెలెక్ట్రో. నేథన్ డానియల్ అనే ఆయన చెక్క చట్రానికి పైనా కిందా మేసనైట్ అట్ట అతికించి, పక్కల అంచులకి ప్లాస్టిక్ పట్టీ చుట్టి, ఖాళీ లిప్‌స్టిక్ గొట్టాల్లో పికప్‌లు దాచాడు. 1958లో ఆయన తెచ్చిన లాంగ్‌హార్న్ బేస్ కొమ్ములు పైకి లేచి ఉంటాయి. చవక సరుకే. కాని దాని నాదానికి ఈనాటికీ అభిమానులున్నారు. ఖరీదైన చెక్క ఉంటేనే మంచి నాదం వస్తుందనే వాదనకి ఇది నిలువెత్తు జవాబు.

4. రంగు సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

"లాకర్" అనే మాట మన "లాక్ష", అంటే లక్క నుంచి పోర్చుగీసువారి ద్వారా ఇంగ్లీషులోకి వెళ్ళింది. మన ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది పురుగు ఇచ్చిన ఆ నిజమైన లక్క. గిటార్ల మీది లాకర్ అది కాదు. అది నైట్రోసెల్యులోజ్. అంటే దూదిని గాని చెక్కగుజ్జుని గాని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో చర్య జరిపి, వచ్చిన పదార్థాన్ని ద్రావకంలో కరిగించినది. ఇదే పదార్థంలో నైట్రోజన్ పాలు ఎక్కువైతే తుపాకి మందు అవుతుంది! వెనకటి సినిమా రీళ్ళూ, పింగ్‌పాంగ్ బంతులూ దీని చుట్టాలే.

1920లలో డ్యూపాంట్ కంపెనీ దీన్ని "డ్యూకో" పేరుతో కార్లకి వేయించింది. అంతకుముందు కారు రంగు ఆరడానికి రోజులూ వారాలూ పట్టేది. డ్యూకో గంటల్లో ఆరింది. మన ఊళ్ళలో ఈనాటికీ కారు షెడ్డువాళ్ళూ, బీరువాలకి రంగులేసేవాళ్ళూ "డ్యూకో కొట్టించండి" అంటుంటారే, ఆ పేరు అక్కడిదే. ఫెండర్ కంపెనీ కూడా కార్ల రంగులే కొనుక్కునేది. ఫియెస్టా రెడ్ ఫోర్డు థండర్‌బర్డ్ కారుది. లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్ కారుది. అలాంటి ప్రత్యేకమైన రంగు కావాలంటే అయిదు శాతం అదనంగా కట్టాలి.

మామూలు రంగు సన్‌బర్స్ట్. మధ్యలో పసుపు, అంచుకి పోయేకొద్దీ నలుపు, పొద్దు గుంకే వేళ ఆకాశంలా ఉంటుంది. 1958 నుంచి ఆ రెండిటి నడుమ ఎరుపు చేర్చారు. కాని మొదటి రెండేళ్ళు వాడిన ఎరుపు వెలుతురుకి నిలవలేదు. షాపు కిటికీలో నాలుగు నెలలుంటే ఎరుపు ఎగిరిపోయి మళ్ళీ పాత రెండు రంగులే మిగిలేవి. ఇప్పుడు ఆ వెలిసిన వాటికే మోజెక్కువ.

నైట్రో రంగు గుణాలు నాలుగు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, ఇది ఆరడమంటే ద్రావకం ఆవిరైపోవడమే. రసాయనికంగా గట్టిపడడం ఉండదు. అందుకని ఎన్నేళ్ళయినా థిన్నరు తగిలితే మళ్ళీ కరుగుతుంది. కొత్త పూత పాత పూతలో కలిసిపోతుంది. పాక్షికంగా బాగుచేసుకోవచ్చు.

రెండోది, ఇది వెలుతురుకి పసుపెక్కుతుంది. తెల్ల గిటారు మీగడ రంగుకి వస్తుంది. నీలం మీద పసుపు పొర చేరి ఆకుపచ్చగా కనిపిస్తుంది.

మూడోది, వయసొచ్చేకొద్దీ పెళుసవుతుంది. చలికి చెక్క ఒక లెక్కన, పూత ఒక లెక్కన ముడుచుకుంటాయి. అప్పుడు పూత సన్నగా బీటలు వారుతుంది, ఎండిన చెరువు అడుగులాగా. ఆ బీటలు చెక్కలోకి పోవు. అది రోగం కాదు, ముసలితనం.

నాలుగోది, ఇది పలచన. చెయ్యి రాసుకున్నచోట అరిగిపోయి చెక్క బయటపడుతుంది. వాయించిన మనిషి చెయ్యి ఎక్కడ ఆనేదో, బొటనవేలు ఎక్కడ నిలిచేదో ఆ అరుగుదల చెబుతుంది.

1965లో ఫెండర్ కంపెనీని సి.బి.ఎస్. వారు కొన్నారు. 1960ల చివరికి పాలిస్టర్ పూత వచ్చింది. ఇది రసాయనికంగా గట్టిపడే రకం. మందం, గాజులా మెరుపు, థిన్నరుకి చలించదు. పగిలితే పెంకులా లేస్తుంది. పలచటి పూత ఉంటే చెక్క "ఊపిరి పీల్చుకుంటుంది", నాదం బాగుంటుంది అని కొందరంటారు. ఎలక్ట్రిక్ వాయిద్యంలో పికప్ వినేది ఉక్కుతీగని. పూత వల్ల తేడా వస్తుందని నేను వాదించను. పాత పూత విలువ నాదంలో లేదు, అది దాచిన సమాచారంలో ఉంది.

5. నేను చేసిన పని

1983. వార్షికోత్సవానికి మా ఆర్కెస్ట్రాకి బేస్ గిటారు లేదు. రైల్వే కాలనీలో ఒక రిటైర్డు గార్డు ఉండేవారు. ఆంగ్లో ఇండియన్. వయసులో ఉన్నప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులకి వాయించేవారట. ఆయన దగ్గర ఒక ఫెండర్ ప్రెసిషన్ ఉంది. ఓడమీద వచ్చిన ఒక నావికుడి దగ్గర కొన్నారు. మేమందరం ఆయన్ని అంకుల్ అనేవాళ్ళం. అడగ్గానే ఇచ్చారు. "జాగ్రత్త బాబూ, నాకు పెళ్ళాం తరువాత ఇదే" అన్నారు.

చూస్తే చాలా దీనంగా ఉంది. సన్‌బర్స్ట్ రంగు వెలిసింది, ఒళ్ళంతా బీటలు, పైభాగాన కుడిచెయ్యి ఆనేచోట అరచేయంత మేర రంగుపోయి చెక్క కనిపిస్తోంది. తిరిగి ఇచ్చేటప్పుడు కొత్తదానిలా చేసి ఇస్తే ఆయన ఎంత పొంగిపోతారో అనుకున్నాం. ఆలోచన నాదే. తక్కినవాళ్ళని అనను.

హాస్టలు డాబా మీద కూర్చుని మరలన్నీ ఊడదీశాను. థిన్నరు పోసి, బ్లేడుతో గీకి, ఉప్పుకాగితంతో రుద్దాను. పూత మైనంలా ఊడొచ్చింది. కింద చెక్కలో చిన్న చిన్న మేకు చిల్లులు కొన్ని కనబడ్డాయి. ఎవడో పాడుచేశాడనుకుని లప్పంతో పూడ్చాను. దండి మడమ మీద, ఒంటిలో దాగి ఉండే చోట, ఏవో అంకెలు, అక్షరాలు రబ్బరుస్టాంపు వేసి ఉన్నాయి. గోదాము ముద్ర అనుకున్నాను. అదీ రుద్దేశాను.

ఆగస్టు నెల. సముద్రపు గాలి, తేమ. షెడ్డులో ఎర్ర డ్యూకో కొట్టించాం. ఆరుతుండగానే పైన పాలు పోసినట్టు తెల్లటి మసక కమ్మింది. కారణం కూజాలో నీళ్ళు చల్లబడే కారణమే. థిన్నరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది, చల్లబడిన పూత మీద గాలిలో తేమ చెమరుస్తుంది, ఆ నీరు లోపల చిక్కుకుపోతుంది. ఆ సూత్రం అంతకుముందు వారమే పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి! మసక మీద ఇంకో రెండు పూతలు కొట్టించి కప్పేశాం.

వార్షికోత్సవం బాగానే జరిగింది. మర్నాడు గిటారు పట్టుకుని అంకుల్ ఇంటికి వెళ్ళాం. ఆయన పెట్టె మూత తీసి చాలాసేపు చూశారు. కోప్పడలేదు. ఒళ్ళో పెట్టుకుని, ఆ అరిగినచోటు కోసం కుడిచేత్తో తడుముకున్నారు. నున్నగా, ఎర్రగా ఉంది.

"ఇక్కడ నా చెయ్యి ఉండేది కదా బాబూ" అన్నారు.

అంతే. టీ ఇచ్చి పంపించారు.

1987లో ఆయన ఆస్ట్రేలియాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ నాకు కబురంపి ఆ గిటారు చేతిలో పెట్టారు. "రంగు నువ్వు వేశావు, నువ్వే ఉంచుకో" అన్నారు. ఎత్తిపొడుపో, వాత్సల్యమో ఈనాటికీ నాకు తెలియదు.

6. నేను చెరిపిన అక్షరాలు ఏమి చెప్పేవి

తరువాత చాలా ఏళ్ళకి, చదివి తెలుసుకున్నాను. ఆ మేకు చిల్లులు ఎవడో పాడుచేసినవి కావు. ఫ్యాక్టరీలో రంగు వేసేటప్పుడు ఒంటికి చిన్న మేకులు కొట్టి, వాటి మీద కాళ్ళమీద నిలబెట్టినట్టు నిలబెట్టేవారు. రెండువైపులా పూత తడిగా ఉన్నా బల్లకి అంటుకోదు. ఆరాక మేకులు లాగేస్తే చిల్లు మిగులుతుంది. 1960ల తొలి సగం దాకా ఇదే పద్ధతి. చిల్లులో రంగు లేకపోతే పూత అసలుది, చిల్లు నిండా రంగు ఉంటే తరువాత ఎవరో వేశారు. ఒక్క చిల్లు చాలు, నిజం చెబుతుంది. నేను వాటి నోట్లో లప్పం కుక్కాను.

మడమ మీది ముద్ర ఆ దండి పుట్టిన తేదీ. మొదట్లో పెన్సిలుతో రాసేవారు. 1962 నుంచి రబ్బరుస్టాంపు వేశారు. మోడల్ అంకె, నెల, సంవత్సరం, దండి వెడల్పు సూచించే అక్షరం. వెనక ఇనపపలక మీద ఉండే సీరియల్ నంబరు కంటే ఇది నమ్మకమైనది. ఎందుకంటే ఆ పలకలు డబ్బాలోంచి చేతికి ఏది వస్తే అది తీసి బిగించేవారు, వరస ఉండేది కాదు. 1950ల నాటి గిటార్లు కొన్నిటి లోపల వైర్లు అతికిన ఆడపనివాళ్ళు కాగితపు టేపు మీద తమ పేరు రాసి అంటించేవారు. పికప్‌లు చుట్టిన అబిగైల్ ఇబారా అనే ఆవిడ 1956లో చేరి, 2013 దాకా అదే పని చేసింది. ఆవిడ పొడి అక్షరాలున్న పికప్ అంటే ఈనాడు కళ్ళకద్దుకుంటారు.

నాకు మిగిలింది ఒక్క ఆనవాలు. సౌండు తిప్పే నాబు కింద ఉండే పొటెన్షియోమీటరు వీపున ఒక సంఖ్య కొట్టి ఉంది: 304 6327. దీన్ని ఇలా చదవాలి. 304 అంటే స్టాక్‌పోల్ కంపెనీ. 63 అంటే 1963. 27 అంటే ఆ ఏడు 27వ వారం. అనగా 1963 జూలై తొలి రోజులు. కాబట్టి గిటారు అంతకుముందుది కాదు. అది ఆ పొటెన్షియోమీటరు పుట్టిన తేదీ మాత్రమే, గిటారుది కాదు. గిటారుది నేను ఉప్పుకాగితంతో ఊదేశాను.

డబ్బు మాట కూడా చెప్పాలి. తిరిగి రంగువేసిన పాత గిటారుకి ధర సుమారు సగానికి పడిపోతుందని వర్తకుల లెక్క. తమాషా ఏమిటంటే 1995 నుంచి ఫెండర్ కంపెనీయే కొత్త గిటార్లని కావాలని అరగదీసి, గీతలుపెట్టి "రెలిక్" అని ఎక్కువ ధరకి అమ్ముతోంది. నేను పుణ్యానికి చెరిపినదాన్ని వాళ్ళు డబ్బు తీసుకుని తయారుచేస్తున్నారు!

అయితే వాయిద్యాన్ని ముట్టుకోకూడదా అంటే, అదీ కాదు. జాకో పాస్టోరియస్ అనే మహా వాద్యకారుడు తన పాత ఫెండర్ జాజ్ బేసుకి మెట్లన్నీ పీకేసి, గాళ్ళు పూడ్చి, మెట్ల పలకకి పడవలకి పూసే ఎపాక్సీ పూశాడు. ఆ వాయిద్యమే చరిత్రలో నిలిచింది. జేమ్స్ జామర్సన్ అసలు తీగలే మార్చేవాడు కాదట. ఇద్దరూ తమ పని కోసం, తమ చేతికోసం చేసుకున్నారు. నేను చేసింది చూడ్డానికి బాగుండాలని. అదీ ఇంకొకరి చేతి గుర్తు మీద.

7. ఒక చెట్టు మాట

ఈ గిటార్లకీ మన నేలకీ ఒక బంధుత్వం ఉంది. మెట్ల పలకకి వాడే రోజ్‌వుడ్ మొదట బ్రెజిల్ నుంచి వచ్చేది. 1960ల చివర్లో ఆ దేశం దుంగల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టేసరికి గిటారు కంపెనీలు భారతదేశపు రోజ్‌వుడ్ వైపు తిరిగాయి. 1969లో మార్టిన్ కంపెనీ కూడా దీనికే మారింది. అది మరేదో కాదు, మన జిట్రేగి. ఇరుగుడు అని కూడా అంటారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని 1992లో అంతర్జాతీయంగా దాదాపు నిషేధించారు. 2017లో ఆ జాతి చెట్లన్నిటి వ్యాపారానికీ అనుమతి పత్రాలు తప్పనిసరి చేశారు. తయారైన వాయిద్యాలకి మాత్రం 2019లో సడలింపు ఇచ్చారు. కాబట్టి పాత వాయిద్యంలో ఉన్న చెక్క మళ్ళీ దొరికేది కాదు. ఉప్పుకాగితం పట్టుకునేముందు ఇది గుర్తుండాలి.

8. విద్యార్థి సంఘానికి నా విన్నపం

మ్యూజిక్ రూములో వాయిద్యాలకి ఏమి చెయ్యవచ్చో వరసగా చెబుతాను.

ముందు ఏదీ ఊడదీయకుండా ముందూ వెనకా ఫొటోలు తీయండి. ఊడదీస్తే ఏ మర ఎక్కడిదో రాసుకోండి. లోపల ఏ రాత కనిపించినా, అర్థం కాకపోయినా, కాకపోతే మరీనూ, దాన్ని అలాగే వదిలేసి ఫొటో తీసుకోండి.

దుమ్ముని పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. జిడ్డుంటే గుడ్డని కొంచెం తడిచేసి పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చండి. థిన్నరు, స్పిరిటు దగ్గరికి రానివ్వకండి. స్పిరిటుకి వీణమీది లక్క పాలిష్ కూడా కరుగుతుంది. రబ్బరు మీద ఆనించి పెట్టకండి. నైట్రో పూత రబ్బరుకి అంటుకుపోతుంది.

తీగలు మార్చండి, బిరడాలు సర్దించండి, వీణ మెట్ల మైనం తెలిసిన పనివాడి చేత మళ్ళీ పెట్టించండి. అది వాయిద్యానికి వైద్యం. మైనం మెట్లు మళ్ళీ మళ్ళీ సర్దుకోవడానికే పుట్టాయి. కాని ఒళ్ళు గీకించకండి. ఆ వీణ కుండ మీద ఒకచోట మెరుపు పోయి ఉంటుంది, చూడండి. ఈ కాలేజీలో వీణ నేర్చుకున్న ఎంతమంది ఆడపిల్లల కుడిచెయ్యి అక్కడ ఆనిందో!

నా ఎర్ర బేస్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాన్ని మళ్ళీ సన్‌బర్స్ట్ చేయించమని చాలామంది సలహా ఇచ్చారు. చేయించలేదు. ఆ ఎరుపు కూడా ఇప్పుడు జరిగిన సంగతే కదా, ఇంకోసారి చెరపడం ఎందుకు? నలభై ఏళ్ళుగా రోజూ కాసేపు వాయిస్తున్నాను. పోయిన సంవత్సరం గమనించాను, కుడిచెయ్యి ఆనేచోట ఎరుపు పలచబడి, కింద చెక్క రూపాయి బిళ్ళంత బయటపడింది. అంకుల్ చెయ్యి ఉన్నచోటు కంటే అది కొంచెం కిందికి ఉంది. ఆయన నాకంటే పొడగరి.

వార్షికోత్సవానికి పిలిస్తే దాన్ని తీసుకొస్తాను. చూడాలనుకున్న విద్యార్థులు మరలు విప్పి లోపలంతా చూడవచ్చు. ఆ పొటెన్షియోమీటరు మీది సంఖ్య చదివి, అది ఏ వారంలో పుట్టిందో మీరే లెక్కగట్టండి.